‘మీరెవరు?’ అని అడిగినప్పుడు

పోచంపాడ్ చుట్టుపక్కల ఒక ఊరి జమాఅత్ పెద్దలు నలుగురు ఇటీవల మా వద్దకు వచ్చారు. వ్యవహారం ఇంకా నడుస్తున్నది కనుక ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. వారి ఖబరస్తాన్‌కు తూర్పు వైపున నాలుగు గుంటల మేర ఎవరో రాత్రికి రాత్రి కడీలు పాతి తీగ చుట్టారు. అడగబోతే, ‘మీకేం సంబంధం? మీరు ముతవల్లీలా, పట్టాదారులా?’ అని ఎదురు ప్రశ్న వచ్చింది. ఒక కార్యాలయానికి వెళితే అక్కడి ఉద్యోగి కూడా అదే అడిగాడు. ఠాణాకు వెళితే అక్కడా అదే. మూడు చోట్ల ఒకే ప్రశ్న విన్న తరువాత వారికే అనుమానం పుట్టింది. వారిలో అందరికన్నా పెద్దాయన మమ్మల్ని, ‘భాయిసాబ్, నిజంగానే మాకేం హక్కుంది? మా అబ్బా, అమ్మీ అక్కడ మట్టిలో ఉన్నారు, అంతే కదా!’ అని అడిగారు.

ఆయన తక్కువ చేసి అన్న ‘అంతే కదా’ చట్టం దృష్టిలో తక్కువది కాదు. దాన్ని వివరించడానికే ఈ నెల ఈ పుటలు కేటాయిస్తున్నాం.

ఏ న్యాయస్థానమైనా వివాదంలో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని చూడడానికి ముందు, తన ఎదుట నిలబడినవాడికి అక్కడ నిలబడే అర్హత ఉందా అని చూస్తుంది. వకీళ్లు దీనిని ‘లోకస్ స్టాండై’ అంటారు. నిలబడే చోటు అని దాని అర్థం. ఈ నియమంలో అన్యాయమేమీ లేదు. ఎవరి తగాదానైనా ఎవరైనా కోర్టుకు ఎక్కించగలిగితే, అసలు బాధితుడి మాట వినడానికి కోర్టుకు తీరిక ఉండదు. 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక వ్యవహారంలో, ఒక సినిమా హాలు యజమాని తన పోటీదారుకు జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్ని రద్దు చేయమని కోరాడు. జష్‌భాయ్ దేశాయ్ కేసుగా అది పేరుపడింది. పక్కన మరో హాలు వస్తే గల్లాపెట్టె బరువు తగ్గుతుందన్న బాధ తప్ప చట్టం కాపాడే హక్కేదీ నీకు లేదని కోర్టు అతణ్ణి వెనక్కి పంపింది. అదే సందర్భంలో తలుపు తట్టేవారిని మూడు రకాలుగా విడదీసింది. నష్టపోయినవాడు, సంబంధం లేని పరాయివాడు, ఊరికే తలదూర్చేవాడు. మొదటివాడికి తలుపు తెరుచుకుంటుంది, మూడోవాడికి మూసుకుంటుంది. రెండోవాడి సంగతి సందర్భాన్ని బట్టి ఉంటుంది.

ఇబ్బంది ఏమిటంటే, కోర్టు ఎంతో ఆలోచించి వేసే ఈ ప్రశ్నను మన కార్యాలయాల్లో ఆలోచన లేకుండా వాడేస్తారు. ఈ మాట అనే అధికారం మాకు కొంత ఉంది. ప్రభుత్వ కొలువులో గుమాస్తాగా పనిచేసినంత కాలం, ‘అర్జీదారుకు ఈ విషయంలో సంబంధం లేదు’ అని ఒక్క వాక్యం రాసి ఫైలు మూయడం ఎంత తేలికో మేము చూశాం, ఒకటి రెండుసార్లు మేమూ ఆ పని చేశాం. ఆ వాక్యం చదివిన అర్జీదారు తిరిగి వచ్చి, ‘ఏ సెక్షన్ ప్రకారం నాకు సంబంధం లేదు?’ అని అడిగిన సందర్భం మాకు గుర్తులేదు. అడిగి ఉంటే మా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఆ ఊరి పెద్దలకు మేము చూపించింది 1995 వక్ఫ్ చట్టంలోని మూడో సెక్షన్. అందులో ‘కె’ అనే ఉపవిభాగం ‘వక్ఫ్‌లో ఆసక్తి గల వ్యక్తి’ ఎవరో నిర్వచిస్తుంది. వక్ఫ్ నుంచి డబ్బు రూపంలో గాని మరో రూపంలో గాని మేలు పొందే హక్కున్న ప్రతి వ్యక్తీ ఆ నిర్వచనంలోకి వస్తాడు. చట్టం అక్కడితో ఆగలేదు. మస్జిద్, ఈద్గా, ఇమాంబారా, దర్గా, ఖాన్‌ఖా, కర్బలా, మఖ్బరా, ఖబరస్తాన్ వంటి చోట్ల నమాజు చేసే హక్కు లేదా ఏదైనా ధార్మిక క్రియ జరిపే హక్కు ఉన్నవారందరూ ఆసక్తి గల వ్యక్తులేనని విడమరచి చెప్పింది. వక్ఫ్ చేసిన దాత, ఆయన సంతతి, ముతవల్లీ ఆ తరువాతి వాక్యంలో వస్తారు. ఆ వరుస గమనించదగినది. ఖబరస్తాన్‌లో తండ్రి కోసం ఫాతిహా చదివే కొడుకు పేరు ముతవల్లీ పేరుకన్నా ముందే ఉన్నది.

నిర్వచనంలో ఉన్నది ‘వ్యక్తి’. పురుషుడు అని లేదు. భర్తనో తండ్రినో అక్కడ సాగనంపిన ఏ బహెన్ అయినా, ఏ అమ్మ అయినా అర్జీ మీద సంతకం చేయవచ్చు. ఈ మాట మన జమాఅత్‌లలో కొందరికి కొత్తగా ఉంటుందని మాకు తెలుసు. మగవాళ్లందరూ గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు నిజామాబాద్ జిల్లాలో ఎన్ని ఉన్నాయో కూడా వారికి తెలుసు. సంతకానికి మగదిక్కు వచ్చేదాకా ఆగుదామనుకుంటే, తీగ చుట్టినవాడు ఆలోగా గోడ కడతాడు.

ఈ నిర్వచనం వల్ల చేతికి వచ్చేవి ఏమిటి? 83వ సెక్షన్ ప్రకారం ముతవల్లీ గాని, వక్ఫ్‌లో ఆసక్తి గల వ్యక్తి గాని, ఈ చట్టం కింద వెలువడిన ఉత్తర్వు వల్ల నష్టపోయిన మరెవరైనా గాని వక్ఫ్ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఒక వక్ఫ్ నిర్వహణలో అక్రమాలు జరుగుతున్నాయని అనుమానం ఉంటే, 70వ సెక్షన్ కింద ఆసక్తి గల వ్యక్తి అఫిడవిట్ జతచేసి విచారణ జరపమని బోర్డును కోరవచ్చు. ముతవల్లీ మీదనే ఫిర్యాదు అయితే ఇదే దారి. ఆక్రమణ విషయంలో చట్టం ఇంకా ఉదారంగా ఉన్నది. 54వ సెక్షన్‌లో బోర్డు ముఖ్య కార్యనిర్వహణాధికారి తనకు ‘ఏ ఫిర్యాదు’ అందినా, అందకపోయినా తనంతట తానుగా, ఆక్రమణదారుకు నోటీసు ఇవ్వవచ్చు. ఫిర్యాదు ఎవరు చేయాలన్న షరతు అక్కడ లేదు. దారిన పోయే హిందూ సోదరుడు చూసి ఉత్తరం రాసినా సరిపోతుంది.

పోలీసు ఠాణాలోనూ అంతే. ఒక నేరం జరిగిందని ఎవరైనా చెప్పవచ్చు. మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అంతులే మీద ఒక రాజకీయ ప్రత్యర్థి వేసిన ప్రైవేటు ఫిర్యాదు చెల్లదన్న వాదనను 1984లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. చట్టం ప్రత్యేకంగా అడ్డు చెప్పిన నేరాల్లో తప్ప, క్రిమినల్ చట్టాన్ని కదిలించడానికి ఎవరికైనా అర్హత ఉంటుందని అప్పుడే తేల్చింది. ప్రత్యేకంగా అడ్డు చెప్పిన నేరానికి మన ఇళ్లకు సంబంధించిన ఉదాహరణే ఉంది. 2019లో వచ్చిన తలాఖ్ చట్టం కింద, తలాఖ్ చెప్పబడిన స్త్రీ గాని, ఆమె రక్త సంబంధీకులు లేదా వివాహ సంబంధీకులు గాని సమాచారం ఇస్తేనే పోలీసులు నేరుగా కేసు కట్టగలరు. ఇరుగుపొరుగు వారికి ఆ అర్హత లేదు.

ఇంతవరకు విన్నాక ఆ పెద్దలు కుర్చీలు దగ్గరకు జరుపుకున్నారు. ఆ తరువాతి సంగతి అంత సంతోషకరమైనది కాదు.

2025 వక్ఫ్ సవరణ చట్టం ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చింది. అందులో సభల్లో చర్చకు వచ్చినవి బోర్డుల్లో ముస్లిమేతర సభ్యులు, కలెక్టర్ల అధికారాలు, అయిదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్టు చూపాలన్న షరతు. అవి ముఖ్యమైనవే. 2025 సెప్టెంబర్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆ అయిదేళ్ల షరతును, ప్రభుత్వ భూమా కాదా అన్న విచారణకు సంబంధించిన కొన్ని నిబంధనలను నిలిపివేసింది కూడా. కానీ పల్లెటూరి ఖబరస్తాన్‌కు అన్నిటికన్నా దగ్గరగా తగిలేది 36వ సెక్షన్‌కు చేర్చిన పదో ఉపవిభాగం. దానిని కోర్టు నిలిపివేయలేదు. నమోదు కాని వక్ఫ్ తరఫున ఏ హక్కు కోసమైనా, చట్టం అమల్లోకి వచ్చిన ఆరు నెలల తరువాత దావా గాని అప్పీలు గాని వేయడానికి, విచారించడానికి వీలులేదని అది చెబుతుంది. ఆ ఆరు నెలలు 2025 అక్టోబర్‌లోనే గడిచిపోయాయి.

అంటే ఇప్పుడు కోర్టు అడిగేవి రెండు ప్రశ్నలు. మీరెవరు? మీ వక్ఫ్ నమోదైందా? మొదటి ప్రశ్నకు మూడో సెక్షన్ మనకు ఘనంగా జవాబు ఇచ్చింది. రెండో ప్రశ్న దగ్గర ఆ ఘనత అంతా ఆగిపోతుంది. మనిషికి అర్హత ఉన్నది, వక్ఫ్‌కు లేదు.

ఈ తలుపు ఇప్పుడు కొత్తగా కట్టింది కాదు. 1995 చట్టంలో 87వ సెక్షన్‌గా ఇటువంటి నిషేధమే ఉండేది. 2013 సవరణ దానిని తొలగించింది. పన్నెండేళ్ల పాటు నమోదు కాని వక్ఫ్ కూడా కోర్టు మెట్లు ఎక్కగలిగింది. ఆ పన్నెండేళ్లలో మనం ఏం చేశామన్నది మమ్మల్ని మేము వేసుకోవలసిన ప్రశ్న. తలుపు తీసి ఉన్నప్పుడు లోపలికి వెళ్లి పేరు రాయించుకున్న జమాఅత్‌లు ఎన్ని? మేము తిరిగిన ఊళ్లలో అడిగినప్పుడల్లా, ‘అందరికీ తెలిసిన ఖబరస్తాన్ కదా, కాగితం ఎందుకు?’ అన్న జవాబే ఎక్కువ విన్నాం. పార్లమెంటును విమర్శించడం మా బాధ్యత, దానికి వెనకాడలేదు, వెనకాడబోము. అయితే ఈ నిర్లక్ష్యం మాత్రం పార్లమెంటుది కాదు.

కాగితం విషయంలో తెలంగాణ పల్లెలకు మరో చిక్కు ఉంది. వక్ఫ్‌నామా రాసి ఖబరస్తాన్ ఇచ్చిన దాత ఎన్నో ఊళ్లలో ఉండడు. తరతరాలుగా అక్కడ ఖననం చేస్తూ రావడమే దానికి ఆధారం. ‘వాడుక ద్వారా వక్ఫ్’ అని చట్టం దీనిని గుర్తించేది. 2025 సవరణ ఆ గుర్తింపును ముందుముందుకు తొలగించింది. అప్పటికే నమోదై ఉన్నవి, వివాదంలో లేనివి, ప్రభుత్వ భూమి కానివి మాత్రం వక్ఫ్‌గా కొనసాగుతాయి. శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963లో పండిత నెహ్రూ పునాదిరాయి వేశారు. దాని జలాశయం నిండిన తరువాత గోదావరి ఒడ్డు ఊళ్లు ఎత్తు ప్రదేశాలకు తరలాయి. తరలిన ఊరికి మస్జిద్, ఖబరస్తాన్ కూడా కొత్త చోట ఏర్పడతాయి. అటువంటి చోట వాడుకకు వందల ఏళ్ల వయసు ఉండదు, దానపత్రమూ ఉండదు. స్థలం కేటాయింపు ఉత్తర్వు, పహాణీలో రాసిన ఒక మాట, అప్పటి పంచాయతీ తీర్మానం, ఇవే ఉంటాయి. అవి బీరువాలో ఉన్నాయో చెదలకు పోయాయో ఇప్పుడే చూసుకోవాలి.

మూసిన తలుపులో చిన్న సందు ఒకటి చట్టమే ఉంచింది. గడువులోగా నమోదుకు దరఖాస్తు చేయకపోవడానికి తగిన కారణం ఉందని కోర్టును ఒప్పించగలిగితే, గడువు దాటినా దావా స్వీకరించవచ్చు. తగిన కారణం అంటే ఏమిటో ముందుముందు తీర్పులు చెబుతాయి. అయితే దరఖాస్తే చేయని వాడికన్నా, ఆలస్యంగానైనా చేసి రసీదు చూపగలిగినవాడి మాట బలంగా ఉంటుందని చెప్పడానికి వకీలు కానక్కరలేదు. ఆ దరఖాస్తు చేసే అర్హత ఎవరికి ఉంది? 36వ సెక్షన్ మొదట ముతవల్లీ పేరు చెప్పి, ఆ వెంటనే దాత గాని, ఆయన సంతతి గాని, లబ్ధిదారు గాని, ఆ వక్ఫ్ ఏ తెగదో ఆ తెగకు చెందిన ఏ ముస్లిం అయినా గాని దరఖాస్తు చేయవచ్చని చేర్చింది. ఏ ముస్లిం అయినా! ఇంతకన్నా విశాలమైన తలుపు ఈ చట్టంలో మరొకటి లేదు. దాని ముందు వరుస కట్టినవారే తక్కువ.

ఉమీద్ పోర్టల్ సంగతి వేరు. అది ఇదివరకే నమోదై ఉన్న వక్ఫ్‌ల వివరాలు ఎక్కించడానికి 2025 జూన్ 6న ప్రారంభమైంది. ఆరు నెలల గడువు డిసెంబర్ 6తో ముగిసింది. గడువు అందరికీ కలిపి పొడిగించమన్న వినతిని డిసెంబర్ 1న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఎవరికి వారు ట్రిబ్యునల్‌కు వెళ్లి అడగమన్నది. ఇక్కడ అర్హత తీగ బిగుసుకుంటుంది. పొడిగింపు అడిగే హక్కు 3బి సెక్షన్‌లో ముతవల్లీకి మాత్రమే ఉన్నది. ఆసక్తి గల వ్యక్తికి లేదు. పోర్టల్‌లో మొదటి మెట్టు ఎక్కి వివరాలు నింపే ‘మేకర్’ కూడా ముతవల్లీయే.

ఈ మాట చెప్పగానే ఆ పెద్దాయన ముఖం వాడిపోయింది. ‘మా ఊరికి ముతవల్లీ ఎవరున్నారు సాబ్? ముప్పై ఏళ్లుగా కమిటీవాళ్లమే చందాలు వేసుకుని గోడ కట్టాం, బోరు వేయించాం’ అన్నారు.

అక్కడే ఉన్నది జవాబు. అదే మూడో సెక్షన్‌లో ‘ఐ’ ఉపవిభాగం ముతవల్లీని నిర్వచిస్తుంది. దస్తావేజు ప్రకారం నియమితుడైనవాడు, ఆచారం ప్రకారం ముతవల్లీ అయినవాడు, ఖాదిమ్, ముజావర్, సజ్జాదానషీన్ అందులో ఉన్నారు. వారితో పాటు, ప్రస్తుతం వక్ఫ్‌ను గాని దాని ఆస్తిని గాని నిర్వహిస్తున్న ఏ వ్యక్తి అయినా, ‘కమిటీ’ అయినా ముతవల్లీ కిందికే వస్తుంది. ముప్పై ఏళ్లుగా చందాలు వసూలు చేసి గోడ కట్టిన కమిటీ, తనకు తెలియకుండానే ముప్పై ఏళ్లుగా ముతవల్లీగా ఉన్నది. కమిటీ ఉందని చూపడానికి తీర్మానాల పుస్తకం, చందా రసీదులు, బోరు కరెంటు బిల్లు చాలా ఉపయోగపడతాయి. కమిటీ కూడా లేని ఊళ్లలో 63వ సెక్షన్ కింద ముతవల్లీని నియమించమని బోర్డును అడగాలి. అందుకు సమయం పడుతుంది, కాబట్టి అది మొదటి పని కావాలి.

అర్హత మనకు ఎంత అవసరమో ఎదుటివారికీ అంతే అవసరం. ఆ వైపు కథ కూడా తెలుసుకోవాలి. 1954 చట్టంలో వక్ఫ్ ఆస్తుల జాబితా మీద అభ్యంతరం ఉన్నవారు ఏడాదిలోగా దావా వేయాలని ఉండేది. దావా వేయగలిగిన వారిలో ‘ఆసక్తి గల వ్యక్తి’ ఒకరు. రాజస్థాన్ వక్ఫ్ బోర్డు, రాధాకిషన్‌ల మధ్య నడిచిన కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఆ మాటకు వక్ఫ్‌తో సంబంధం లేని ముస్లిమేతర స్వాధీనదారు అనే అర్థం రాదన్నది. అతనికి దావా వేసే దారి చూపలేదు కనుక ఏడాది గడువు అతణ్ణి కట్టిపడవేయదని కూడా చెప్పింది. అర్హత లేకపోవడం అతనికి లాభమైంది. జాబితా అచ్చయి ఎన్నేళ్లు గడిచినా అతడు తన హక్కు కోసం మామూలు కోర్టుకు వెళ్లగలిగాడు. 2013 సవరణ ఆ స్థానంలో ‘నష్టపోయిన ఏ వ్యక్తి అయినా’ అని మార్చింది. పరాయివాడికి తలుపు తెరుచుకుంది, దాంతోపాటు గడువూ వర్తించింది. హక్కు, గడువు ఒకే తాడుకు రెండు కొసలు.

ఇక హైదరాబాద్ శివారు మణికొండ. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినవని బోర్డు ప్రకటించిన 1,654 ఎకరాల 32 గుంటల విషయంలో రాష్ట్ర ప్రభుత్వమే బోర్డు ప్రకటనకు వ్యతిరేకంగా హైకోర్టుకు వెళ్లింది. ట్రిబ్యునల్ ఉండగా ఇక్కడికి ఎందుకు వచ్చారని హైకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వం నేరుగా హైకోర్టుకు రావచ్చునన్నది, భూములు ప్రభుత్వానివేనని కూడా తేల్చింది. ఆ తీర్పులోని మంచిచెడ్డల గురించి లోగడ రాశాం, తిరిగి రాయము. ఈ సందర్భంలో గమనించవలసింది ఒక్కటే. ప్రభుత్వాన్ని ఏ గుమాస్తా కూడా ‘మీరెవరు?’ అని గుమ్మంలో ఆపడు.

పేదవాడిని ఆపకుండా ఉండడానికి మన సుప్రీంకోర్టు ఒకప్పుడు పెద్ద సాహసమే చేసింది. 1979లో బీహార్ జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్నవారి గురించి ఒక పత్రికలో వరుస కథనాలు వచ్చాయి. కపిలా హింగోరాణీ అనే మహిళా న్యాయవాది వాటి ఆధారంగా పిటిషన్ వేశారు. ఆమె ఖైదీ కాదు, ఖైదీల బంధువూ కాదు. పాత లెక్క ప్రకారం ఆమెకు అర్హత లేదు. కోర్టు తలుపు తెరిచింది. ఆ ఖైదీల్లో ఒకరైన హుస్సైనారా ఖాతూన్ పేరుతో ఆ కేసు నిలిచిపోయింది. 1981 డిసెంబర్ 30న ఎస్.పి. గుప్తా కేసులో జస్టిస్ భగవతి దానిని సూత్రంగా స్థిరపరిచారు. పేదరికం వల్లనో నిస్సహాయత వల్లనో కోర్టుకు రాలేని వారి తరఫున సదుద్దేశం గల ఎవరైనా రావచ్చు. ప్రజా ప్రయోజన వ్యాజ్యం అనే మాట మన పత్రికల్లోకి అలా వచ్చింది. మన దేశ న్యాయచరిత్రలో ఆ తలుపు మొదట తెరుచుకున్నది ఒక ముస్లిం స్త్రీ పేరు మీద అన్నది మన పిల్లలకు చెప్పవలసిన సంగతి.

అయితే మన కార్యకర్తల్లో కొందరు ప్రతిదానికీ ‘పిల్ వేద్దాం’ అంటారు. బాధితుడు స్వయంగా నిలబడగలిగిన చోట ప్రజా ప్రయోజన వ్యాజ్యం బలహీనమైన ఆయుధం. బిల్కిస్ బానో కేసు చూడండి. దోషుల ముందస్తు విడుదలను పలువురు ప్రముఖులు పిల్‌ల ద్వారా సవాలు చేశారు, వారి అర్హత మీద వాదోపవాదాలు నడిచాయి. బిల్కిస్ స్వయంగా పిటిషన్ వేశారు. 2024 జనవరి 8న జస్టిస్ నాగరత్న, జస్టిస్ భుయాన్ ఆమె పిటిషన్ నిలుస్తుందని తేల్చి, విడుదల ఉత్తర్వులను రద్దు చేశారు. మిగతావారి అర్హత ప్రశ్నను తేల్చకుండా వదిలివేశారు, తేల్చవలసిన అవసరమే రాలేదు. ఆ తల్లి సంతకం ఒక్కటి లేకపోతే ఆ వాదన ఎటు పోయేదో చెప్పలేము.

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల తల్లిదండ్రులు ఈ పత్రిక చదువుతారు కనుక అక్కడి సంగతి కూడా కొంత. అక్కడి ఫెడరల్ కోర్టులు ఈ విషయంలో మనకన్నా కఠినం. పిటిషనర్‌కు స్వయంగా నష్టం జరగాలి, ఆ నష్టం ప్రతివాది వల్లనే జరగాలి, కోర్టు ఉత్తర్వుతో అది తీరాలి. మూడింటిలో ఏది తక్కువైనా వెనక్కి పంపుతారు. 2001 దాడుల తరువాత న్యూయార్క్ పోలీసులు పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని మస్జిద్‌ల మీద, ముస్లింల దుకాణాల మీద, విద్యార్థి సంఘాల మీద రహస్యంగా నిఘా పెట్టారు. ఒక వార్తా సంస్థ దానిని బయటపెట్టింది. హసన్ అనే సైనికోద్యోగి, మరికొందరు కలిసి దావా వేశారు. 2014లో కింది కోర్టు, మీకు నష్టం జరిగితే అది వార్త రాసినవారి వల్ల, పోలీసుల వల్ల కాదు అని కొట్టివేసింది! దొంగతనం బయటపెట్టినవాడిదే తప్పన్నట్టు. 2015 అక్టోబర్‌లో పై కోర్టు దానిని తిరగదోడింది. మతం కారణంగా వేరుగా చూడబడడమే ఒక నష్టం, దానికి వేరే రుజువు అక్కరలేదన్నది. 2018లో ఆ వ్యవహారం రాజీతో ముగిసింది. అదే ఏడాది జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ముస్లిం దేశాల ప్రయాణికుల మీద ట్రంప్ విధించిన నిషేధం కేసులో, బంధువులకు దూరమైనవారికి దావా వేసే అర్హత ఉందని ఒప్పుకుంది. ఆ వెంటనే నిషేధం చెల్లుతుందని 5–4 తేడాతో తీర్పు చెప్పింది. తలుపు తెరవడం, న్యాయం దొరకడం రెండూ ఒకటి కావు. ఇది ఆ ఊరి పెద్దలకు కూడా చెప్పాం.

బోధన్ నుంచి వచ్చే పాఠకులు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లినప్పుడు, 2015 డిసెంబర్‌లో మూతపడినప్పుడు కార్మికులకు అడిగే అర్హత లేదా? ఉంది, కొంతవరకు. 1980లోనే ఎరువుల కార్పొరేషన్ కార్మికుల కేసులో ఫ్యాక్టరీ అమ్మకాన్ని ప్రశ్నించే చోటు కార్మికులకు ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది, అమ్మకాన్ని మాత్రం ఆపలేదు. 2001 డిసెంబర్‌లో బాల్కో తీర్పు వాటాల అమ్మకం ప్రభుత్వ విధానమని చెప్పి తలుపును చాలా వరకు దగ్గరికి వేసింది. మరుసటి ఏడాదే మన ఫ్యాక్టరీ వంతు వచ్చింది. దివాలా చట్టం వచ్చాక, 2019 ఏప్రిల్‌లో ఒక జూట్ మిల్లు కార్మికుల కేసులో, బకాయిల కోసం కార్మిక సంఘమే సభ్యులందరి తరఫున ఒకే పిటిషన్ వేయవచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది. విడివిడిగా వందల మంది వకీలు ఫీజు కట్టనక్కరలేదు. ఖబరస్తాన్‌కు కమిటీ ఎటువంటిదో కార్మికుడికి సంఘం అటువంటిది.

తిరిగి ఆ ఊరికి వద్దాం. పెద్దలు వెళ్లిన వారానికి వారి అబ్బాయి ఒకడు ఫోన్ చేశాడు. కమిటీ తీర్మానాల పుస్తకం దొరికింది, 1996 నుంచి ఉన్నది. పాత పహాణీ నకలుకు దరఖాస్తు పెట్టారు. బోర్డు రికార్డులో తమ ఖబరస్తాన్ ఉందా లేదా అని రాతపూర్వకంగా అడిగారు. లేదని తేలితే 36వ సెక్షన్ కింద దరఖాస్తు సిద్ధం. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత భూముల జాబితాలో ఆ సర్వే నంబరు చేర్చమని కూడా కోరుతున్నారు, అమ్మకం ముందు అక్కడే ఆగుతుందని. 54వ సెక్షన్ ఫిర్యాదు మీద తొమ్మిది మంది సంతకాలు చేశారు. వారిలో ముగ్గురు స్త్రీలు. అందులో ఒకామె భర్త ఖబర్ ఆ తీగకు లోపలి వైపున ఉన్నది.

హైదరాబాద్‌కు పోచంపాడ్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. ట్రిబ్యునల్ అక్కడే, బోర్డు అక్కడే. వాయిదా పడిన ప్రతిసారీ ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి. మంచి కారణం ఉన్న దావాలు కూడా ఖర్చు భరించలేక మధ్యలో ఆగిపోవడం మేము చూశాం. అందుకని జిల్లాలో నమోదు కాని ఖబరస్తాన్‌లు, ఈద్గాలు, ఆషూర్‌ఖానాలు ఉన్న జమాఅత్‌లన్నీ వేర్వేరుగా తిరగకుండా, కాగితాల నకళ్లు ఒకచోట చేర్చి ఒకే వకీలుతో మాట్లాడుకుంటే మేలని మా సూచన. సర్వే నంబరు, విస్తీర్ణం, పహాణీ నకలు, కమిటీ తీర్మానం, చివరి పదేళ్లలో ఖననమైన వారి జాబితా, నాలుగు వైపుల ఫోటోలు. ఇవి పట్టుకుని ఏ ఆదివారమైనా జొహర్ నమాజు తరువాత మా కార్యాలయానికి రండి. దరఖాస్తు రాయడం మా పని. సంతకం మీది.